క్లాసు కూడిక

ఇంగ్లండులో జాన్ వెస్లీ నాయకత్వాన సాగిన మెథడిస్టు ఉజ్జీవంలో, దాదాపు పన్నెండుమంది విశ్వాసులు ఒక నాయకుని చుట్టూ వారానికొకసారి కూడి తమ ఆత్మీయ స్థితిని పరస్పరం వెల్లడించుకొనే చిన్న సహవాసాన్ని క్లాసు కూడిక అంటారు. దీని పుట్టుక ప్రార్థనలో కాక అప్పులో ఉన్నది. 1742లో బ్రిస్టల్ నగరంలోని ప్రార్థనా మందిరపు బాకీ తీర్చడానికి ప్రతి సభ్యుడూ వారానికొక పెన్నీ ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, పేదలు ఇవ్వలేరన్న అభ్యంతరానికి జవాబుగా ఒక సభ్యుడు మిక్కిలి పేదలైన పదకొండుమందిని తనకు అప్పగించమని, వారు ఇవ్వలేనిది తానే చెల్లిస్తానని ముందుకు వచ్చాడు.

ఇతరులూ అదే విధంగా బాధ్యత తీసుకోగా, చందా కోసం ఇంటింటికీ వెళ్లిన ఈ నాయకులకు సభ్యుల తాగుడు, కలహాలు, కష్టాలు కంటబడటంతో, ఈ ఏర్పాటు కాపరి పరిచర్యకు, అనగా విశ్వాసుల యోగక్షేమాల పర్యవేక్షణకు, సాధనమని వెస్లీ గ్రహించాడు. పిదప ఇళ్లకు వెళ్లే పద్ధతి పోయి అందరూ ఒకచోట కూడే పద్ధతి వచ్చింది. అంతకుముందు మొరేవియనులనే ప్రొటెస్టంటు శాఖవారి ప్రభావంతో ఏర్పడిన బ్యాండులనే చిన్న బృందాలు స్త్రీపురుషులను, వివాహితులను, అవివాహితులను వేరుచేయగా, క్లాసులో అందరూ కలిసి కూర్చొనేవారు. స్త్రీలు సైతం నాయకత్వం వహించారు. గురువుగా అభిషేకం పొందని సామాన్యుడు తోటివాని ఆత్మకు బాధ్యుడు కావడమే ఈ వ్యవస్థలోని అమూల్యమైన అంశం. పందొమ్మిదవ శతాబ్దంలో ఇది క్రమేణా క్షీణించింది.