స్ఫటికం

స్ఫటికం అనగా సహజసిద్ధమైన ముఖాలతో, పారదర్శకంగా లభించే క్వార్ట్జ్ ఖనిజం. గట్లమీద తెల్లగా, మసకగా కనిపించే పలుగురాయి కూడా ఇదే ఖనిజం. రెండింటి రసాయన సంఘటనం ఒక్కటే: సిలికాన్ డయాక్సైడ్. రసాయనశాస్త్రంలో ఉప్పు, పటిక వంటి వాటి క్రమరూపాలను కూడా స్ఫటికాలనే అంటారు. ఈ వ్యాసం స్వచ్ఛమైన క్వార్ట్జ్ స్ఫటికం గురించి.

ఏర్పడే విధానం

సికింద్రాబాదులోని బోయిగూడతో సహా జంటనగరాల రాతినేల చాలావరకు గ్రానైటు. ఇది సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భంలో శిలాద్రవం చల్లారగా ఏర్పడింది. ఇందులో క్వార్ట్జ్ చాలావరకు చివరగా గట్టిపడి, ఇతర ఖనిజాల మధ్య మిగిలిన సందులలో ఇమిడిపోయింది. అందుచేత గ్రానైటు ముక్కలో అది బూడిదరంగు గాజుపలుకులవలె కనిపిస్తుంది గాని, దానికి ముఖాలుండవు. రాతి బొరియలలో, పగుళ్ళలో సిలికా కరిగిన వేడినీటి నుండి అడ్డులేకుండా పెరిగినప్పుడే నునుపైన ముఖాలు ఏర్పడతాయి. అనగా ముఖాలకు కారణం ఖనిజం మాత్రమే కాదు, అది పెరగటానికి దొరికిన చోటు కూడా.

ఆకారం, ధర్మాలు

స్ఫటికం సాధారణంగా ఆరు పలకల స్తంభంవలె పెరిగి, కొనవద్ద మొనదేలి ఉంటుంది. పలకలు వెడల్పులో హెచ్చుతగ్గులుగా ఉన్నప్పటికీ పక్కపక్క పలకల మధ్య కోణం ఎల్లప్పుడూ 120 డిగ్రీలే. క్వార్ట్జ్ ముఖకోణాల ఈ స్థిరత్వాన్ని 1669లో నికోలస్ స్టెనో గుర్తించాడు. పరమాణువుల క్రమమైన అమరికే దీనికి కారణం.

* కాఠిన్యం: మోహ్స్ కొలమానంలో 7
* సాపేక్ష సాంద్రత: 2.65
* వక్రీభవన గుణకాలు: 1.544, 1.553

స్ఫటికాన్ని తగిన దిశలో నొక్కితే విద్యుదావేశం పుడుతుంది. ఈ ధర్మాన్ని 1880లో పియరీ క్యూరీ, జాక్వెస్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనికి విలోమమైన ధర్మం ఆధారంగా క్వార్ట్జ్ గడియారాలు పనిచేస్తాయి. వాటిలోని స్ఫటికం సాధారణంగా సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది.

ఆదరణ

గుంటూరు ప్రాంతంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలలో శాసనాలు గల రాతి కరండాలు, వాటిలో ధాతువులను భద్రపరచిన స్ఫటిక భరిణెలు బయటపడ్డాయి. ఇంత కఠినమైన రాతిని తొలచి నునుపుచేసిన నేర్పు ఆనాటికే ఉన్నదని ఇవి తెలుపుతున్నాయి. వేదాంత గ్రంథాలలో ఎర్రని పువ్వు చెంత ఎర్రగా తోచే స్ఫటికం ప్రసిద్ధమైన ఉపమానం: రంగు పువ్వుదే, స్ఫటికానిది కాదు. పూజలో స్ఫటికలింగాలు, జపానికి స్ఫటికమాలలు వాడుకలో ఉన్నాయి. స్ఫటికం రోగాలను నయం చేస్తుందన్న ప్రచారానికి మాత్రం శాస్త్రీయ ఆధారం లేదు.

గుర్తించే విధానం

స్ఫటికం పేరుతో గాజును అమ్మటం కద్దు. గాజులో గుండ్రని గాలిబుడగలు ఉండవచ్చు. తాకినప్పుడు అది స్ఫటికమంత చల్లగా తోచదు. స్ఫటికం గాజును గీస్తుంది. మామూలు గాజు స్ఫటికాన్ని గీయలేదు. సహజ స్ఫటికపు పలకలమీద తరచుగా సన్నని అడ్డగీతలు ఉంటాయి. సానపట్టిన వాటిలో ఇవి చెరిగిపోతాయి. సానపట్టిన కృత్రిమ క్వార్ట్జ్‌ను సహజమైన దానినుండి వేరుచేయటానికి ప్రయోగశాల పరీక్ష అవసరం.