చిలకా సరస్సు: నీటి పరీక్షల చరిత్ర

ఒడిషా రాష్ట్రమున పురీ, ఖుర్దా, గంజాం జిల్లాల నానుకొని చిలకా సరస్సు కలదు. సముద్రమునకును దానికిని నడుమ నుండునది ఒక సన్నని ఇసుకతిన్నె మాత్రమే. ఉత్తరపు కొసను మహానది పాయలైన దయా, భార్గవి, లూనా నదులు మంచినీటిని తెచ్చి పోయుచుండగా, తూర్పున మొగ గుండ సముద్రపు పోటు లోనికి వచ్చి ఆటుతో మరలిపోవుచుండును. దక్షిణపు కొసను పాలూరు కాలువ దానిని ఋషికుల్యతో కలుపుచున్నది. వేసవిలో 906 చదరపు కిలోమీటర్లుండు ఈ సరస్సు వర్షకాలమున 1,165 చదరపు కిలోమీటర్ల వరకు పరచుకొనును. ఇంత విస్తీర్ణము గలదైనను లోతు స్వల్పము. పెక్కుచోట్ల రెండు మీటర్లకు మించదు. లోతు లేని నీటిలో ఏ మార్పైనను త్వరగా వచ్చును. ఈ కథకంతయు మూలమదియే.

చిలకా దక్షిణతీరముతో తెలుగువారి సంబంధము నేటిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాం జిల్లా మదరాసు రాజధానిలోనిది. రంభ, గంజాం, ఛత్రపురము, బరంపురములలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. సముద్రపుటొడ్డున వలలు లాగు తెలుగు మత్స్యకారులను ఒడియావారు నోళియాలని పిలిచెదరు. చిలకాపై బ్రదుకు జాలరి కులములను చెప్పునపుడు కేవుట, కండరా, తియర, కార్తియాలతోపాటు నోళియాల పేరును వినవచ్చును. వీరికి సరస్సు నీటి గుణమనునది శాస్త్రచర్చ కాదు, పూటకూటి ప్రశ్న.

ఆ దినములలో సరస్సు దక్షిణపు కొస మదరాసు ప్రభుత్వము క్రిందను, తక్కిన భాగము 1912 వరకు బంగాళము క్రిందను, పిమ్మట బీహారు-ఒరిస్సా రాష్ట్రము క్రిందను ఉండెను. ఒకే నీటికి రెండు కచేరీలు! అయినను ఆ కచేరీలకు రెంటికిని సరస్సులో కనబడినది ముఖ్యముగా ఒక్కటే: ఉప్పు. పారికూడు వైపు ఉప్పునీటిని మళ్లలో పారించి ఎండకు ఇంకించి ఉప్పు పండించెడివారు. ఉప్పు దొరతనమువారికి రాబడి వస్తువు. కావున ఏ మాసములలో చిలకా నీరు ఉప్పగా నుండును, వరదలు వచ్చిన పిమ్మట ఎట్లు తియ్యనగును అను సంగతి వారి గెజెటీర్లకెక్కినది. డిసెంబరు మొదలు జూను వరకు ఉప్పునీరు, ఆపై నదుల పొంగు దానిని త్రోసివేయగా మంచినీరు అని వారు వ్రాసిరి. జాలరులు అంతకు పూర్వమే ఎరిగిన విషయమది.

శాస్త్రదృష్టితో సరస్సును మొత్తముగా చూచిన మొదటివారు కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు చెందిన నెల్సన్ ఆనందేల్, స్టాన్లీ కెంప్ అను ఇరువురు. వారి పరిశోధనలు 1915 మొదలుకొని మ్యూజియము ప్రచురణలలో సంపుటముగా వెలువడెను. 1916లో భారత జంతుశాస్త్ర సర్వే సంస్థ ఏర్పడగా ఆనందేల్ దానికి మొదటి అధిపతి అయ్యెను. వారు జీవజాతులను పట్టికలు వేసి ఊరకుండలేదు. ఏ ఋతువున ఎంత ఉప్పదనమున్నది, దాని ననుసరించి ఏ జీవి ఎచ్చటికి జరుగుచున్నది అనునది గమనించిరి. కాళ్లులేని ఒక బల్లిజాతి ప్రాణిని చిలకాలోని బర్కుడా ద్వీపమున కనుగొని ఆనందేల్ 1917లో వర్ణించెను. సరస్సు పేరు దేశాంతరములకు ప్రాకుటకు ఇట్టి వింతలును తోడ్పడినవి.

ఆ తరువాత లెక్క తెగిపోయినది. కేంద్ర అంతర్గత మత్స్య పరిశోధన సంస్థకు చెందిన ఝింగ్రన్, నటరాజన్ అనువారు 1957 నుండి 1965 వరకు చిలకా చేపల స్థితిని పరిశీలించి ఆ ఫలితములను 1969లో ప్రకటించిరి. జంతుశాస్త్ర సర్వేవారు మరల 1985-87లో వచ్చిరి. నడుమ దశాబ్దములకొలది ఖాళీలు. మహానదిపై హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమైనది. పొలములకు రసాయనికపు ఎరువులు వచ్చినది కూడ ఇంచుమించుగా ఆ ఖాళీల కాలముననే. సరస్సులోనికి వచ్చు నీరు మారుచున్నపుడు దానిని ప్రతి మాసము కొలిచి వ్రాసిపెట్టు ఏర్పాటు లేకపోయెను. ఈ లోపము పెద్దది. ఏలయన, ఉప్పదనము తగ్గినను పెరిగినను జాలరి నాలుక చెప్పగలదు. భాస్వరము సంగతి ఏ నాలుకకును తెలియదు.

నత్రజని, భాస్వరము, సిలికా లవణములను పోషక లవణములందురు. ఇవి లేనిదే నీటిలో సూక్ష్మమైన నాచు పెరుగదు, నాచు లేనిదే చేప లేదు. మితిమీరినచో నాచును కలుపును విపరీతముగా పెరిగి, చచ్చి, కుళ్లి, నీటిలో కరిగియున్న ప్రాణవాయువును హరించును. కావున పరీక్షకులు వెదకునది విషమును గాదు, ఆహారపు మోతాదును. ఈ మోతాదు కొలుచుట చూచుటకు సులభముగా కనబడును గాని ఆటుపోట్ల నీటిలో అంత సులభము గాదు. మొగ దగ్గర ఉదయము పోటువేళ ముంచిన సీసాలోనిది సముద్రపు నీరు. అదేచోట ఆటువేళ ముంచినచో వచ్చునది సరస్సు నీరు. రెండు సీసాలు రెండు సాక్ష్యములు చెప్పును. ప్రాణవాయువు తెల్లవారుజామున తక్కువగాను, మధ్యాహ్నము ఎండలో ఎక్కువగాను ఉండును, నాచు పగలు దానిని విడుచును గనుక. కావున వేళ, ఆటుపోటుల స్థితి వ్రాయని అంకె నిరర్థకము. ప్రాణవాయువు కొలుచుటకు పడవ మీదనే సీసాలో మాంగనీసు లవణమును, క్షారముతో కూడిన అయొడైడును వేసి బిరడా బిగింపవలెను. గోధుమవన్నె మడ్డి ఏర్పడినచో వాయువున్నదని అర్థము. నైట్రేటు, ఫాస్ఫేటులను రంగు పుట్టించు రసాయనములతో రంగు గాఢతను బట్టి లెక్కింతురు. నీటి తేటదనమునకు మాత్రము ఒక బిళ్లను త్రాటితో దింపి, అది కనుమరుగగు లోతును చూచిన చాలును.

ఇక సరస్సు క్షీణించిన కథ. 1981లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన చిలకా, 1993లో ఆ ఒప్పందమువారి మాంట్రో పట్టికకు, అనగా ప్రమాదమునబడిన చిత్తడి నేలల జాబితాకు ఎక్కినది. నదులు తెచ్చిన మేటవలన లోతు తగ్గెను. మొగ ఇసుకతో పూడి ఉత్తరమునకు జరిగిపోయెను. పోటు నీరు రాక ఉప్పదనము తగ్గెను. మంచినీటి కలుపు, గుర్రపుడెక్క విస్తరించెను. అదే కాలమున రొయ్యల వ్యాపారము పెరిగి, వెదుళ్లతో వలలతో సరస్సును చుట్టివేయు ఘేరీలు లేచెను. వాటివలన ప్రవాహమునకు అడ్డు, జాలరికి త్రోవ మూత. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలకా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమను నిషేధించెను. పులికాట్ పేరును అందుండుట తెలుగువారు గుర్తుంచుకొనదగినది. తీర్పు వచ్చినను ఘేరీలు మరల మరల మొలచుచునే వచ్చెను.

1991లో ఒరిస్సా ప్రభుత్వము చిలకా అభివృద్ధి సంస్థను స్థాపించెను. మొగను ఎక్కడ త్రవ్వవలెనను ప్రశ్నకు పుణె కేంద్ర జలవిద్యుత్ పరిశోధన కేంద్రమువారు లెక్కలు వేసి చూచిరి. 2000 సెప్టెంబరు 23న సిపకుడ గ్రామము వద్ద క్రొత్త మొగ తెరువబడెను. సముద్రమునకు పోవు దారి 18 కిలోమీటర్లు తగ్గినది. 1999-2000లో సుమారు 1,700 టన్నులున్న చేపల రాబడి 2001-02లో 12,000 టన్నులకు సమీపించినది. 2002లో చిలకా మాంట్రో పట్టికనుండి తొలగింపబడినది. అదే సంవత్సరము రామ్‌సార్ బహుమానమును పొందెను.

ఇది గొప్ప విజయమే. అయినను ఈ విజయముతో ఒక పొరపాటు భావము కూడ వ్యాపించినది: మొగ తెరచియుండిన సరస్సు బాగుండునని. మొగ బాగుచేసినది ఉప్పును. నదులు తెచ్చునది ఆ త్రవ్వకమువలన ఆగదు. భువనేశ్వరపు మురుగు గంగువా వాగు గుండ దయా నదిలో కలియుచున్నది. వరిపొలముల ఎరువు వానలతో కొట్టుకొని వచ్చును. అందుచేతనే ఉత్తరభాగమున వర్షకాలములో నైట్రేటు, సిలికా హెచ్చగును; కలుపు అచ్చటనే ఎక్కువ. ఈ సంగతి అనుమానమునుండి అంకెకు మారినది అభివృద్ధి సంస్థవారు సుమారు ముప్పది స్థానములలో నెలనెలకు నీరు ముంచి పరీక్షించుట ఆరంభించిన తరువాతనే. పాఠశాల పిల్లలకిచ్చు మార్కుల పట్టిక వంటిది 2012లో సరస్సుకును ఇవ్వబడినది. మొత్తముమీద వచ్చినది ‘బి’ తరగతి. మార్కులు చూచి ఇంటివారు సంతసింతురు గాని, ఏ పాఠమున తప్పినాడని అడుగుట ఉపాధ్యాయుని అలవాటు. చిలకా విషయమున అడుగవలసినది ఈ రెండవ ప్రశ్నయే.

ఇట్టి లెక్క ఎందులకుపయోగించునో 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపాను చూపినది. వరదనీరు ముంచెత్తగా సరస్సులో చాలభాగము ఉప్పదనము లేనిదయ్యెను. అంతకుముందు నెలల అంకెలుండుటచే పరిశోధకులు నాచుజాతులలో వచ్చిన మార్పును, సరస్సు తేరుకొనిన తీరును పోల్చి చెప్పగలిగిరి. 2019 మేలో ఫణి తుపాను తీరపు ఇసుకతిన్నెను కోసి క్రొత్త మొగలు వేసినపుడు, లోనికి వచ్చిన ఉప్పునీటినిగూర్చి అట్లే పోల్చి చూచుటకు వీలయ్యెను.

తెలుగువారు ఎక్కువగానున్న రంభ వైపు మాత్రము నీటి నడక వేరు. మొగనుండి దూరమగుటచే పోటు ప్రభావము అచ్చటికి అల్పముగనే చేరును. నదుల వరదయు ఆలస్యముగా చేరును. నీరు లోతుగాను తేటగాను ఉండి సముద్రపు గడ్డి పెరుగుటకు అనుకూలించుచున్నది. కాని ఆలస్యముగా వచ్చిన నీరు ఆలస్యముగానే పోవును. చేరిన పోషక లవణము చాలకాలము నిలిచియుండును. ఉత్తరమున జరిగిన తప్పు దక్షిణమున కనబడునాటికి దానిని సరిదిద్దు సమయము గడచిపోవచ్చును. కనుకనే రంభ యఖాతమున నెలనెలకు ముంచు సీసాలోని అంకె, ఒడ్డున వల ఆరవేసికొను జాలరి కంటికి కనబడని దానిని తెలుపుచున్నది.