మన ఇన్వర్టర్ కింద ఉన్న సీసం కథ

రాజమండ్రిలో కరెంటు పోగానే ఫ్యాన్ తిప్పే ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా, దాన్ని ఒక్కరం ఎత్తలేం. ఆ బరువులో ఎక్కువ భాగం సీసమే. ఈరోజు ఆ సీసం హిస్టరీ.

అమెరికాలో ఇంజనీరుగా చేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో అమర రాజా మొదలుపెట్టారు. 2000లో అమరాన్ బ్రాండ్ వచ్చింది. రాయలసీమ పల్లెల్లో వేల ఉద్యోగాలు. ఇది చిన్న విషయం కాదండి.

2021 ఏప్రిల్ 30న ఏపీ కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లు మూసేయమంది. కార్మికుల రక్తంలో సీసం ఎక్కువుందనేది ఒక ఆరోపణ. రూల్స్ పాటిస్తున్నామని కంపెనీ అంది. వారంలోపే హైకోర్టు ఆ ఆర్డర్‌ని ఆపింది. తర్వాత కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గల్లా జయదేవ్ అప్పుడు టీడీపీ ఎంపీ, ప్రభుత్వమేమో వైసీపీది. ఇంకేముంది, టీవీ డిబేట్లన్నీ "కక్షా, కాలుష్యమా" అనే! రక్తం సంగతి పక్కకెళ్లిపోయింది. నాకు మండేది అక్కడే. సీసాన్ని మన ఒళ్లు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచేస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. బట్టలకి అంటిన దుమ్ము ఇంటికొస్తే పిల్లలకీ వెళ్తుంది. పిల్లలకి ఇంతవరకు సేఫ్ అనే లెవెలే లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది.

ఇంకోటి చూడండి. అదే 2021 మే నెలలో సెబీ, టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ అనే సస్టైనబిలిటీ రిపోర్ట్ ఫార్మాట్ ఇచ్చింది. 2022–23 నుంచి తప్పనిసరి. కరెంటు, నీళ్లు, బ్యాటరీ వేస్ట్, ప్రమాదాలు అన్నిటికీ గళ్లు ఉన్నాయి. రక్తంలో సీసానికి మాత్రం ప్రత్యేకంగా గడి లేదు. సోలార్ ప్యానెల్ ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి, బ్యాటరీ కంపెనీ రిపోర్ట్‌లో నేను ముందు వెతికే నంబర్ అదే.

మరి పాత బ్యాటరీ? తయారీదారులు, డీలర్లు వెనక్కి తీసుకోవాలని 2001 నుంచే రూల్ ఉంది, 2022లో ఇంకా గట్టి రూల్స్ వచ్చాయి. అమర రాజా తమిళనాడులోని చెయ్యారులో సొంత రీసైక్లింగ్ ప్లాంట్ పెట్టింది. కానీ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని తుక్కు బండికి వేస్తే, ఎక్కడో బ్యాటరీ పగలగొట్టి యాసిడ్ నేల మీద పారబోసి, సీసం బహిరంగంగా కరిగించేవాళ్ల చేతికీ వెళ్లొచ్చు. అక్కడ ఏ రిపోర్టూ ఉండదు, రక్త పరీక్షా ఉండదు. మీ ఇంట్లో పోయినసారి మార్చిన బ్యాటరీ ఎవరికిచ్చారో ఒకసారి నాన్నగార్ని అడిగి, కామెంట్లో పెట్టండి.