బోరు నీళ్లకు ఏ మెషిన్ కొనాలి? ముందు పరీక్ష, తర్వాతే ఖర్చు

పప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. కుళాయిల చుట్టూ తెల్లటి పొర కడుతుంది, గీజర్ తరచూ రిపేరుకొస్తుంది. బోరు నీళ్ల మీదే ఆధారపడిన ఇళ్లలో ఈ ఇబ్బందులు మామూలే. వేలకు వేలు పోసి మెషిన్ పెట్టించినా ఒక్కోసారి సమస్య తీరదు. నీళ్లలో ఏముందో తెలుసుకోకుండా కొనడమే దీనికి ముఖ్య కారణం.

ముందు పరీక్ష

నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం వల్లే కాఠిన్యం వస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 2012లో ఇచ్చిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, టీడీఎస్ 500, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేకపోతే కాఠిన్యం 600, టీడీఎస్ 2000, ఫ్లోరైడ్ 1.5 వరకు అనుమతి ఉంది. నైట్రేట్ మాత్రం 45 దాటకూడదు.

ఏజెంట్ చేతిలోని టీడీఎస్ పెన్ను కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో సుమారుగా చెబుతుంది, అంతే. అందులో కాఠిన్యం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది చెప్పదు. కరెంటు కడ్డీలు ముంచి నీళ్లు గోధుమరంగులోకి మారాయని చూపిస్తే భయపడొద్దు. ఆ రంగు ఎక్కువగా ఇనుప కడ్డీ కరగడం వల్ల వచ్చేదే. ల్యాబ్‌లో పరీక్ష చేయించి, రిపోర్టు చేతికొచ్చాకే బేరం మాట్లాడాలి.

ఫ్లోరైడ్ ఉంటే జాగ్రత్త

కాఠిన్యం సామాన్లను పాడుచేస్తుంది, ఫ్లోరైడ్ మనిషినే పాడుచేస్తుంది. నల్గొండ జిల్లా పల్లెల్లో పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయిన కుటుంబాలే దీనికి సాక్ష్యం. ఎదిగే పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది కూడా. యూవీ ఫిల్టర్ క్రిముల్ని చంపుతుంది తప్ప ఫ్లోరైడ్‌నూ కాఠిన్యాన్నీ తగ్గించలేదు.

ఏది దేనికి?

సాఫ్ట్‌నర్: ఇందులోని రెసిన్ కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. స్నానానికి, బట్టలకు, గీజర్‌కు ఇదే సరైనది. ఫ్లోరైడ్‌ను మాత్రం తీయదు. 500 కాఠిన్యం ఉన్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే లీటరుకు సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ నీళ్లు తాగే ముందు డాక్టర్‌ను అడగాలి. వంటగది కుళాయికి వేరే లైన్ ఇస్తే మంచిది.

ఆర్‌ఓ: తాగడానికి, వంటకు. కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ మూడూ తగ్గుతాయి. కానీ బాగా కఠినమైన నీళ్లకు మెంబ్రేన్ త్వరగా పూడుకుపోతుంది. లీటరు మంచినీటికి మామూలుగా రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. వాటిని బాత్‌రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. కొన్ని మోడళ్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. అది ఆర్‌ఓ దాటని నీటిని కొంత కలుపుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఇంట్లో దాన్ని మూసేయించాలి, లేకుంటే తీసేసిన ఫ్లోరైడ్ మళ్లీ గ్లాసులోకి వస్తుంది.

అయస్కాంతంతో నీళ్లు మెత్తబడతాయనే పరికరాలకు డబ్బు పెట్టకపోవడమే మేలు. అవి కాల్షియంను నీళ్లలోంచి తీయవు.

లెక్క ఇలా వేసుకోండి

మెషిన్ ధర ఒక్కటే చూడొద్దు. సాఫ్ట్‌నర్‌కైతే ఉప్పు, ఆర్‌ఓకైతే ఫిల్టర్లు, మెంబ్రేన్, సర్వీస్ కలిపి మూడేళ్లకు ఎంతవుతుందో రాయించుకోండి. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు సక్రమంగా వచ్చే ఇళ్లు వాటిని తాగడానికి పెట్టుకుని, బోరు నీళ్లను మిగతా పనులకు వాడితే ఆర్‌ఓ ఖర్చే తప్పొచ్చు.

మెషిన్ బిగించాక మళ్లీ ఒకసారి నీళ్లు ల్యాబ్‌కు పంపండి. ఏటా ఎండాకాలంలో, బోరు మట్టం పడిపోయినప్పుడు ఇంకోసారి చేయించండి. అప్పుడు రిపోర్టు మారే అవకాశం ఉంది.