ఎగ్జాస్ట్ ఫ్యాను: నల్లగొండ, పాలమూరు ఇళ్ళలో గాలి దారి

బాత్రూంలోని ఆవిరిని, వాసనను బయటికి తోసేది ఎగ్జాస్ట్ ఫ్యాను. అది ఎంత గాలిని బయటికి పంపితే అంత గాలి మరో సందులోంచి ఇంట్లోకి రావలసిందే. నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) మెట్ట ఊళ్ళలో, ముఖ్యంగా ఎండకాలం, ఆ గాలి ఎర్ర చెలకల దుబ్బను వెంటేసుకుని వస్తుంది. ఫ్యాను కొనేటప్పుడు చాలామంది అడగని సంగతి ఇదే.

మట్టి మిద్దెల కాలంలో ఇక్కడ ఈ ఫ్యాను అవసరమే రాలేదు. కప్పులో గవాచి ఉండేది, వేడిగాలీ పొయ్యి పొగా అందులోంచి పైకి పోయేవి. స్నానానికి పెరట్లో ఒక బండ, చుట్టూ తడకో పొట్టి గోడో, పైన ఆకాశం. స్లాబు ఇళ్ళు వచ్చి బాత్రూం పడకగదిని ఆనుకున్నాక ఆవిరికి ఆ దారి మూసుకుపోయింది.

పెద్ద ఫ్యాను పెడితే మంచిదన్న నమ్మకం బలంగా ఉంది కానీ, లెక్క వేరు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న బాత్రూంలో పట్టేది 315 ఘనపుటడుగుల గాలి. నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే ఫ్యాను ఆరేడు నిమిషాల్లో అంత గాలినీ మార్చేస్తుంది. అంత లాగడానికి 6 అంగుళాల ఫ్యాను చాలు. అంతకంటే పెద్దది రోజంతా తిరిగితే తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి వీధి దుమ్మును ఇంట్లోకి లాగుతూనే ఉంటుంది. స్నానమయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి ఆపడం మేలు.

లోపలికి వచ్చే గాలికీ దారి ఉండాలి. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదిలితే సరిపోతుంది. ఒక అగరుబత్తి వెలిగించి ఆ సందు దగ్గర పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది: పొగ బాత్రూంలోకి సాగితే ఫ్యాను పని చేస్తున్నట్టు, అక్కడే తారట్లాడితే గాలి ఎక్కడో ఆగినట్టు.

బయటి కొస విషయంలో పొరపాట్లు ఎక్కువ. కొన్ని ఇళ్ళలో ఫ్యాను అటకలోకో, ఫాల్స్ సీలింగ్ పైకో తెరుచుకుంటుంది. ఆవిరి అక్కడే చెమ్మగా మారి బూజు పడుతుంది. పక్కింటివాళ్ళు గోడ లేపి వెంటిలేటరును మూసేస్తే, ఫ్యాను సైజుకు తగిన పీవీసీ గొట్టం డాబా పైకి తీసి, మూతికి వాన పడకుండా టోపీ పెట్టాలి. వంపులు ఎంత తక్కువైతే గాలి అంత బాగా పోతుంది. గొట్టం పక్కగోడలోంచి బయటికి పోయేదైతే కొస కొంచెం కిందికి వాలాలి, లేకపోతే లోపల చేరిన నీటిచుక్కలు ఫ్యాను మోటారు మీదికి జారుతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పడమటి గాలి జోరుగా వీస్తుంది. పడమటి గోడకున్న ఫ్యానుకు, ఆగినప్పుడు వాటంతటవే మూసుకునే రెక్కల మూత తప్పనిసరి. ఆ రెక్కల కీళ్ళలో దుబ్బ పేరుకుంటే మూత సగంలోనే నిలిచిపోతుంది. ఫ్యాను రెక్కల అంచున పట్టే నల్లటి నూగును గిల్లి చూస్తే వెంట్రుకలు, తువాళ్ళ పీచు, పౌడరు, మన్ను కలిసి మెత్తని దూదిలా వస్తాయి. దోమల జాలీ కూడా ఆవిరికి తడిసి, దుమ్ముతో అట్ట కడుతుంది. నెలకొకసారి కరెంటు తీసేసి, సబ్బునీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి.

ఫ్యాను ఉన్నా సరే, గ్యాస్ గీజరును బాత్రూంలో పెట్టనే కూడదు. మూసిన గదిలో మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు. ఫ్యాను లాగుడుకు గీజరు పొగ వెనక్కి తిరిగి గదిలోకే రావచ్చు.

పాలమూరు నుంచి పనుల కోసం వలస వెళ్ళిన కుటుంబాల ఇళ్ళు నెలల తరబడి తాళాలతో ఉంటాయి. నేలమీది డ్రైను ట్రాపులో మురుగు వాసనను ఆపే నీళ్ళు ఎండకు ఆవిరైపోతాయి. తాళం తీసి వెంటనే ఫ్యాను వేస్తే గాలి ఆ డ్రైను గొట్టంలోంచే వచ్చి ఇల్లంతా కంపు కొడుతుంది. ముందు డ్రైనులో రెండు చెంబుల నీళ్ళు పోసి, తలుపులు తెరిచి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యాలి.