‘నీళ్లే సార్’ (నాలుగో భాగం)



మొన్న టెక్కలి దగ్గర ఒక సంక్షేమ హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలతో రెండు గంటలు కూర్చున్నాను. సగం మంది కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు పిల్లలు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని అడిగితే గది గదంతా ఒకే గొంతుతో చెప్పింది: ‘నీళ్లే సార్.’ ఎలా తెలుసు అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకడు ‘అందరూ అంటారు సార్’ అన్నాడు.

‘అందరూ అంటారు’ అనే మాటతో మనవాళ్లు ఎంత నష్టపోయారో నేను చెప్పక్కర్లేదు. మనం తాకితే చెరువు మైలపడుతుందని కూడా అందరూ అన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి మనం ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆ తర్వాత కథ తక్కువ చెప్పుకుంటాం. సవర్ణులు కోర్టుకెళ్లారు. అంటరానివాళ్లు ఈ చెరువు తాకకూడదనే ఆచారం అనాదిగా ఉందన్నారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వాళ్ల అప్పీలు కొట్టేసింది. అనాదిగా ఉందన్నారు, ఉందని రుజువు చెయ్యలేకపోయారు, అంతే. ‘రుజువేదీ?’ అన్న ప్రశ్న మనకు ఒక చెరువు తెచ్చిపెట్టింది. అయితే ఆ ప్రశ్న ఎదుటివాడిని అడగడం సులువు. మన ఊరి నమ్మకాన్ని అడగడమే కష్టం.

బోర్డు మీద మూడు మాటలు రాశాను. మనం అంటున్నది. దానికి సాక్ష్యం. ఆ సాక్ష్యం ఆ మాటను ఎందుకు నిలబెడుతుందో చెప్పే ముడి. మొదటి రెండూ పిల్లలకు వెంటనే అందాయి. మూడోది అందడానికే రెండు గంటలు పట్టింది.

ముందు గట్టిగా తెలిసిందేమిటి? సుగరు లేని, బీపీ లేని మనుషులకు కూడా కిడ్నీలు నెమ్మదిగా పాడవుతున్నాయి. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు కాబట్టి చాలాకాలం బయటపడదు. ఉద్దానం ఏడు మండలాల్లో చదువు రాని ముసలమ్మ కూడా ‘క్రియాటిన్ ఎంత?’ అని అడుగుతుంది, పదో తరగతి మార్కులు అడిగినట్టు. 2019, 2020లలో అచ్చయిన రెండు సర్వేలు, పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని తేల్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ లెక్కలు ఇళ్లకు వెళ్లి పరీక్షలు చేసి తీసినవి. ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం వచ్చినవాళ్లే ఉంటారు. కూలి పోతుందని, బస్సు ఛార్జీ లేదని రానివాళ్లు అందులో ఉండరు. వాళ్లు ఏ పేటలో ఉంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కడ కూర్చుని లెక్కపెట్టామన్న దాన్ని బట్టి సాక్ష్యం మారిపోతుంది. సైన్సు పాఠంలో ఇది మొదటి పేజీలో ఉండాలని నా పట్టుదల.

సరే, ‘నీళ్లే’ అన్న మాటకొద్దాం. పలాసలో జీడిపిక్కల పని చేసే తల్లి కూతురు లేచింది. ‘మా అమ్మమ్మ ఇంట్లో అందరూ ఒకే బోరు నీళ్లు తాగుతారు సార్. పెద్ద మావయ్యకి వచ్చింది. అమ్మమ్మకి రాలేదు.’ నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. దీంతో నీళ్లు కారణం కాదని తేలిపోతుందా? తేలదు. కానీ నీళ్లు ఒక్కటే చాలవేమో అన్న అనుమానం పుట్టింది. మావయ్య చేసే పని వేరు కావచ్చు, తాగే మోతాదు వేరు కావచ్చు, వాడిన మందులు వేరు కావచ్చు. ఇంకొకడు ‘తాగుడు సార్’ అన్నాడు. చుక్క ముట్టని ఆడవాళ్లకూ వస్తోంది కదరా అని పక్కవాడే ఆపాడు. మన పేటల్లో ఏ జబ్బొచ్చినా ముందు తాగుడు మీదికి నెట్టేస్తారు కాబట్టి ఆ జవాబు నాకు మరీ ముద్దొచ్చింది.

నేను వేడి సంగతి ఎత్తాను. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. ఎండలో, సరిపడా నీళ్లు లేకుండా చేసే చాకిరీ మీద అక్కడి పరిశోధకుల అనుమానం. ఎండలో ఎవరుంటారో కులం చెబుతుంది కాబట్టి ఈ వాదం నాకు సహజంగానే నచ్చుతుంది. వెంటనే ఒక కుర్రాడు, ‘ఉద్దానం అంటే తోటలు కద సార్, నీడే ఎక్కువ’ అన్నాడు. వాడి దగ్గర నా దగ్గర లేని సాక్ష్యం ఉంది. నచ్చిన వాదానికే ఎక్కువ సాక్ష్యం అడగాలని ఆ పూట నేనూ నేర్చుకున్నాను. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ఆ కొబ్బరి, జీడి తోటలు ఎన్ని కూలిపోయాయో అదే వాడికి గుర్తుచేశాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కారణం తెలియడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్కన సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రుమేనియా పల్లెల్లోనూ ఇలాగే కిడ్నీలు పోయేవి. 1950లలో దాన్ని గుర్తించారు. అక్కడా నీళ్లన్నారు, లోహాలన్నారు, వైరస్ అన్నారు, ధాన్యానికి పట్టే బూజన్నారు. 1969లో ఇవిచ్ అనే శాస్త్రవేత్త, గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే ఒక మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని చెప్పాడు. మన ఈశ్వరి తీగ జాతి మొక్కే. ఎవరూ పట్టించుకోలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ల కిడ్నీలు అచ్చం అలాగే దెబ్బతిన్నాయి. ఆ మాత్రల్లోనూ ఆ జాతి మొక్కే తేలింది. 2007కి వచ్చేసరికి రోగుల కిడ్నీల్లోని డీఎన్ఏ మీదే ఆ విషం వదిలిన గుర్తు దొరికింది. ముడి పడింది. యాభై ఏళ్లు. చనిపోయినవాళ్లు పేద రైతులు కాకుండా ఉంటే ఇంకాస్త త్వరగా తేలేదేమో.

మన దగ్గర 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం కూడా. కారణం రుజువు కాకుండా నీళ్లెందుకిచ్చారని ఒక పిల్ల అడిగింది. మంచినీళ్లు హక్కు, దానికి జబ్బు రుజువు అక్కర్లేదు. కానీ ఆ పథకం తెలియకుండానే ఒక పెద్ద పరీక్ష కూడా మొదలుపెట్టింది. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్లే తాగిన పిల్లలకు నలభై ఏళ్లొచ్చాక జబ్బు తగ్గిందా? చిన్నప్పుడే హైదరాబాద్‌కో అండమాన్‌కో వలసపోయినవాళ్ల సంగతేమిటి? ఇప్పటినుంచి రాసిపెట్టుకుంటేనే అప్పుడు జవాబు ఉంటుంది.

అందుకే ఒక నోటుపుస్తకం మొదలుపెడదామన్నాను. వయసు, చేసే పని, ఏ నీళ్లు ఎన్నేళ్లు, వలస వెళ్లిన ఏళ్లు, క్రియాటిన్. వెనక బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. ‘మా ఇంట్లో చెప్పరు సార్. అక్క పెళ్లి ఉంది.’ ఉద్దానం సంబంధమంటే వెనక్కిపోయే ఇళ్లున్నాయి మరి. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి పేర్లొద్దు, ఊరి పేరు కూడా వద్దు, ఇంటికొక నంబరు చాలు, ఏ నంబరు ఎవరిదో ఆ ఇంటి పిల్లకే తెలిస్తే చాలని వాళ్లే తేల్చారు. మొదటి నంబరు ఆ అమ్మాయే తీసుకుంది.

వచ్చే భాగం సోంపేట బీల మీద. ‘పనికిరాని బీడు’ అని కాగితం మీద రాసిన భూమి గురించి.