వాకర్ గాలిచక్రము

మా సీమ పెద్దలు తలచుకొనే ధాత కరువు (1876-78) నాడు వానలెందుకు మొగం చాటేశాయో ఎవరికీ అంతుపట్టలేదు. 1904లో భారత వాతావరణ శాఖాధిపతియైన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. దేశదేశాల వాయుపీడనపు లెక్కలు పోల్చి, పసిఫిక్‌పై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంపై తగ్గుననీ, ఈ తక్కెడ తిరగబడితే మన వానకు ముప్పనీ కనుగొన్నాడు. కారణం 1969లో బ్యెర్క్‌నెస్ చెప్పాడు: ఇండొనేషియా చెంత వెచ్చని కడలిపై లేచిన గాలి తూర్పుగా సాగి, పెరూ వైపు చల్లని నీటిపై దిగి, వ్యాపార పవనాలుగా మరలివస్తుంది. ఆ చక్రానికి వాకర్ పేరే పెట్టాడు (పండితులలో ఇంతటి ఔదార్యం అరుదు సుమండీ!). 1877లో కుంటుపడినది ఇదే.

భూమి వేడెక్కితే డిగ్రీకి గాలిలో తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది; వాన పెరిగేది అందులో సగానికి లోపే. కనుక తేమను మోసే చక్రం మందగించాలంటాయి గణితనమూనాలు. కానీ 1990ల నుండి రెండు దశాబ్దాలు ఆ పవనాలు బలపడ్డాయి! సముద్రపు సహజచాంచల్యమా, నమూనాల లోపమా అన్న వాదం ఇంకా తెగలేదు.